మధ్యలో వదిలేయొచ్చు

అక్టోబర్ 6, ఆదివారం

అల్మారా తలుపు తగిలింది. వంటింట్లో పై అరలో ఉన్న చక్కెర డబ్బా కోసం చెయ్యి చాపితే తలుపు తిరిగొచ్చి ఎడమ దవడకు కొట్టింది. ఇక్కడ కూడా అలాగే రాసి పెట్టుకుంటున్నాను. ఒకరికి తలుపని, ఇంకొకరికి గోడని చెప్పి దొరికిపోయే రకాన్ని కాను నేను. హైస్కూల్లో పిల్లల అబద్ధాలు వింటూ రిటైరైన దాన్ని.

మొహానికి పౌడరు దట్టించి క్లాసుకు వెళ్ళాను. రేవు వెనక వలస వచ్చినవాళ్ళకు సాయపడే సంఘం వాళ్ళ నేలమాళిగ గదిలో మళ్ళీ చెమ్మ పట్టింది. మా రేవుపట్నం వోలోస్‌లో చెమ్మ పట్టనిది నా నోరొక్కటే. నా దగ్గర గ్రీకు నేర్చుకునేవాళ్ళంతా ఆదివారం తప్ప సెలవు లేనివాళ్ళు. ముసలివాళ్ళను చూసుకునే జార్జియా ఆడవాళ్ళు, వలపడవల మీద పనిచేసే ఈజిప్టు మగవాళ్ళు. వాళ్ళకు నేను వ్యాకరణం చెప్పను. తేలిక నుంచి కష్టానికి మెట్లు మెట్లుగా సాగే సన్నటి కథల పుస్తకాలను చక్రాల సంచీలో లాక్కెళ్ళి బల్ల మీద పోస్తాను. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుని చదవాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి, అది అయ్యాక మరొకటి. నేనూ వాళ్ళతోపాటు కూర్చుని నా పుస్తకం చదువుకుంటాను. నియమాలు గోడకు అంటించి ఉన్నాయి. నిఘంటువు ముట్టుకోవద్దు. తెలియని మాట వస్తే దాటిపోవాలి. కష్టంగా ఉంటే, నచ్చకపోతే మధ్యలో వదిలేయొచ్చు. ఎందుకు వదిలావని ఎవరూ అడగరు, వదిలినవాళ్ళ వైపు ఎవరూ తలెత్తి చూడరు. చదివాక పరీక్ష లేదు, ప్రశ్నలు లేవు.

ఆ చివరి నియమం మీద సంఘం వాళ్ళు నాతో గొడవపడ్డారు. అడగకపోతే వాళ్ళకేం అర్థమైందో ఎలా తెలుస్తుందని వాళ్ళ బాధ. తెలియకపోతే మీకేం పోయింది అన్నాను. ప్రశ్న అడిగామా, మనిషి చదవడం మానేసి జవాబు వెతుక్కోవడం మొదలుపెడతాడు. ఈ ముక్క నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

జార్జియా నుంచి వచ్చిన నజీకో నా దవడ వైపు చూసింది. ఏమీ అడగలేదు. నియమం బాగానే పనిచేస్తోంది.

అక్టోబర్ 8

మా అబ్బాయి మిల్తోస్ ఈ రోజు నవ్వాడు. టీవీలో ఏదో చూసి.

అక్టోబర్ 10

వాడు మధ్యాహ్నం దాకా లేవడు. అందుకే ఇవన్నీ పొద్దున్నే రాసుకుంటున్నాను. ఈ రాసుకునే పుస్తకం పప్పుల డబ్బా వెనక ఉంటుంది. నా కొడుకు వంటగదిలో వెతికేది సీసా ఒక్కటే.

పాపం, వాడి తప్పేముంది. వాడు పనిచేసే స్టీలు ఫ్యాక్టరీ మూసేశారు. వసంతకాలంలో ఒక పెట్టెతో వచ్చి తన పాత గదిలో పడుకున్నాడు. కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకని నేను అడగలేదు. అంత పొడుగు మనిషి ఆ చిన్న మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకుంటే చూడలేకపోతున్నాను. అలాంటివాడికి చిరాకు రాకుండా ఎలా ఉంటుంది? నేను కూడా తక్కువదాన్ని కాదు. ఒక మాట అనాల్సిన చోట నాలుగు అంటాను.

అక్టోబర్ 13, ఆదివారం

ఈ రోజు నవ్వీ నవ్వీ దవడ మళ్ళీ నొప్పెట్టింది.

రెండో మెట్టు పుస్తకాల్లో సగం పోలీసు కథలే. అవి వీళ్ళు ఎంతగా మింగేశారంటే, ఇప్పుడు నా విద్యార్థులంతా డిటెక్టివుల్లా మాట్లాడుతున్నారు. ఆలస్యంగా వచ్చిన పడవ యజమానిని మా ఈజిప్టు రెఫాత్ రేవులో నిలదీశాడట, "అయ్యా, ఉదయం అయిదు గంటలకు మీరు ఎక్కడున్నారు? మిమ్మల్ని చూసినవారు ఎవరైనా ఉన్నారా?" అని. యజమాని బిత్తరపోయి, పడుకున్నానని నిజం చెప్పేశాడట. నజీకో ఒక ముసలి ఓడ కెప్టెన్‌ను చూసుకుంటుంది. ఆయన బిళ్ళ మింగకుండా దాచేస్తే తలుపుకు అడ్డంగా నిలబడి, "ఈ గదిలోంచి ఎవరూ బయటికి వెళ్ళడానికి వీల్లేదు" అన్నదట. ఆయన పడీపడీ నవ్వి దిండు కింద నుంచి బిళ్ళ తీసిచ్చాడు.

రెఫాత్ ఒక ప్రేమకథను సగంలో వదిలేసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరూ తలెత్తలేదు. రెండేళ్ళ కిందట అయితే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

అప్పుడు నజీకో నా చేతిలోని లావు నవల చూపించింది. "టీచర్ గారూ, ఎండాకాలం నుంచి అదే పుస్తకం. మీరు ఆవలిస్తారు. ఎందుకు వదలరు?"

నేను జీవితంలో ఏ పుస్తకాన్నీ మధ్యలో వదల్లేదని చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. అందరూ నవ్వారు. మాకు ఒక నియమం, మీకు ఒక నియమమా అన్నాడు రెఫాత్.

అక్టోబర్ 17

చిక్కుడుగింజల సూప్‌లో ఉప్పు ఎక్కువైంది. తప్పు నాదే.

వాడు గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాడు. వేడి సూప్ నా పాదాల మీద పడింది. తుడవడానికి వంగితే జుట్టు పట్టి లేపాడు. "ఎవరికి వండుతున్నావే? నీ కూలిమందకు వండినట్టు నాకు వండుతావా?" అన్నాడు. వదులు నాయనా అన్నాను. ఎడమ మణికట్టు పట్టుకుని వెనక్కి వంచాడు. నెమ్మదిగా వంచాడు, నా మొహంలోకి చూస్తూ. లోపల పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. వాడికీ వినపడింది. వెంటనే వదిలేశాడు.

తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. రెండో చేత్తో వాడి జుట్టు నిమిరాను. ఆ చెయ్యి బాగానే ఉంది.

అక్టోబర్ 18

మెట్ల మీద జారాను. తడి మెట్లు. వాన పడింది.

ఆసుపత్రిలో కట్టు వేసిన కుర్రడాక్టరుకు అలాగే చెప్పాను. బాగా చెప్పాను.

అక్టోబర్ 20, ఆదివారం

పెద్ద తప్పు చేశాను.

కట్టు చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. గురువారం, మెట్లు, వాన, జారడం అన్నీ చెప్పి, కూర్చుని పుస్తకాలు తీయమన్నాను. తీశారు. నజీకో మాత్రం పుస్తకం తెరవలేదు.

"టీచర్ గారూ, ఒక విషయం నాకు వింతగా ఉంది," అంది. రెండో మెట్టు పుస్తకాల్లో ఇన్‌స్పెక్టర్ మాట్లాడినట్టే, ఒక్కో మాటా విడదీసి. "ఎండాకాలంలో పుస్తకాలు మోయడానికి నేను మీ ఇంటికి వచ్చాను. మీ ఇల్లు వీధి మట్టానికి ఉంది. మీ ఇంటికి మెట్లు లేవు."

"అంతేకాదు," అన్నాడు రెఫాత్, "గురువారం వాన పడలేదు. నేను సముద్రం మీద ఉన్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు, ఆట అనుకుని. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఈ గదిలో ప్రశ్నలు లేవని గోడ మీద రాశాను, చదవడం రాదా అన్నాను. నజీకో గోడ వైపు తిరిగి నిజంగానే మళ్ళీ చదివింది.

"అక్కడ పుస్తకం గురించి రాశారు. మొహం గురించి రాయలేదు."

అప్పుడు అన్నాను. నువ్వు కడగాల్సింది ఆ ముసలాడి ముడ్డిని, నా ఇంటిని కాదు, లే, బయటికి పో అన్నాను. ఇంత వయసొచ్చి నాలుగు ముక్కలు గ్రీకు వచ్చేసరికి నన్ను విచారించేంత దానివయ్యావా అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆమె నాకంటే రెండేళ్ళే చిన్నది.

నజీకో లేచి, పుస్తకాన్ని దాని మెట్టు వరుసలో, దాని చోట్లో పెట్టి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు తలలు వంచుకుని చదువుకున్నారు. ఒక్క పేజీ తిరిగిన చప్పుడు లేదు.

ఆ మాటలు నావే. గొంతు మాత్రం మిల్తోస్‌ది.

అక్టోబర్ 23

గొంతునొప్పి. జలుబు చేసింది.

అక్టోబర్ 24

వాడు చంపాలనుకోలేదు. చంపేవాడైతే ఎందుకు వదులుతాడు?

మొన్న రాత్రి నడవాలో పెట్టిన చక్రాల సంచీ కాలికి తగిలి తూలాడు. సంచీని స్నానాలగదిలోకి ఈడ్చి, పుస్తకాలన్నీ తొట్టిలో గుమ్మరించి కుళాయి తిప్పాడు. అవి నావి కావురా, వాళ్ళవి, అంటూ చొక్కా పట్టి లాగాను. వాడు తిరిగి నన్ను గోడకు నొక్కి రెండు బొటనవేళ్ళూ గొంతు మీద పెట్టాడు. అరవలేదు. "చచ్చిపో" అన్నాడు, మెల్లగా, నిద్రపో అన్నట్టు. కుళాయి చప్పుడు ఒకటే వినపడింది. ఆ తర్వాత అది కూడా లేదు. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. బట్టలు తడిసిపోయాయి. నీళ్ళతో కాదు.

ఆ బొటనవేళ్ళకు పసితనంలో నేనే గోళ్ళు తీసేదాన్ని. తెగుతుందేమోనని నోటితో కొరికి తీసేదాన్ని.

పుస్తకాలు ఉబ్బిపోయాయి. నిన్నటి నుంచి ఒక్కొక్కటీ హీటర్ మీద ఆరబెడుతున్నాను. భయమేమీ లేదు. వాడు కేకు తెచ్చాడు. నాకు ఇష్టమైనదే, పాలమీగడ కేకు. మింగుడుపడలేదు. భయమేమీ లేదు.

అక్టోబర్ 27, ఆదివారం

క్లాసు లేదని కబురు పంపాను. మాట బయటికి రావడం లేదు. రెండేళ్ళలో క్లాసు మానడం ఇదే మొదటిసారి. రేపు జాతీయ పండగ. జెండా ఇస్త్రీ చేయాలి.

అక్టోబర్ 29

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వరసగా రాస్తాను.

పొద్దున వీధి చివర బడిపిల్లల కవాతు మొదలైంది. డప్పులు. నేను ముందు వరండాలో జెండాను కర్రకు కట్టి, ఒంటిచేత్తో నిలబెట్టడానికి తంటాలు పడుతున్నాను. వరండా రెయిలింగుకు అడ్డంగా గుడ్డ కట్టి ఉంటుంది, వీధిలోకి మనిషి కనపడదు, జెండా ఒకటే కనపడుతుంది. డప్పులకు మిల్తోస్ నిద్ర చెడింది. లోపల ఏదో పగిలింది. అప్పుడే గంట మోగింది.

వాడే తలుపు తీశాడు. గుడ్డ సందులోంచి చూశాను. నజీకో, పక్కన రెఫాత్, మధ్యలో చక్రాలకుర్చీలో పతకాలు పెట్టుకున్న కెప్టెన్. ఆయనను కవాతు చూపించడానికి తీసుకెళ్తూ ఇటు తిరిగారు.

"నమస్కారం," అంది నజీకో. "మేము మీ అమ్మగారిని చూడాలి."

"పడుకుంది."

"అమ్మగారు పడుకోలేదు. జెండా కదులుతోంది."

అంత భయంలోనూ, దేవుడు నన్ను క్షమించాలి, నాకు గర్వమేసింది. ఎంత చక్కటి వాక్యం!

మిల్తోస్ ఆమెను బూతు తిట్టి, మీ దేశం పోవే అని తలుపు మూయబోయాడు. ఆమె గుమ్మంలో పాదం పెట్టింది. మా పుస్తకాల్లో ఇన్‌స్పెక్టర్లందరూ అలాగే పెడతారు. పుస్తకాల్లో తలుపు ఆగిపోతుంది. మిల్తోస్ ఆ పాదం మీదే తలుపును రెండుసార్లు బాది, తర్వాత బార్లా తెరిచి పిడికిలితో ఆమె నోటిమీద గుద్దాడు. ఆమె కుర్చీ చక్రానికి తగిలి కింద పడింది. కెప్టెన్ చెయ్యెత్తి ఏవో ఓడ ఆజ్ఞలు అరుస్తున్నాడు. రెఫాత్ కుర్చీ దొర్లిపోకుండా పట్టుకునేలోపు మిల్తోస్ ఆమె పొట్టలో ఒక తన్ను తన్ని, రెండోదానికి కాలెత్తాడు.

నేను వెనక నుంచి వచ్చాను. చేతిలో జెండాకర్ర ఉంది. మొదటి దెబ్బ భుజానికి తగిలింది. వాడు తిరిగి నన్ను చూశాడు, చిన్నపిల్లాడు చూసినట్టు. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. రెండోది చెవిమీద. మోకాళ్ళమీద కూలాడు. మూడోది, నాలుగోది ఎక్కడ తగిలాయో తెలియదు. వాడు చేతులు అడ్డం పెట్టి "అమ్మా" అన్నాడు, ఆ చేతులమీద కొట్టాను. కర్ర విరిగాక మిగిలిన ముక్కతో కొట్టాను. హాయిగా ఉంది. ఇది నా పుస్తకం కాబట్టి రాస్తున్నాను, హాయిగా ఉంది.

రెఫాత్ పరుగెత్తుకొచ్చి వెనక నుంచి గట్టిగా వాటేసుకున్నాడు. పట్టుకున్నది వాడిని కాదు, నన్ను.

వీధిలో డప్పులు మోగుతూనే ఉన్నాయి.

తర్వాత పోలీసులు, అంబులెన్సు. స్టేషన్లో పండగపూట డ్యూటీ పడ్డ కుర్ర అధికారి. పరాయిదేశం వాళ్ళు ఇంటిమీదికొచ్చి కొట్టారని మిల్తోస్ అంబులెన్సులోనే చెప్పాడట. మణికట్టు విరిగిందే, అది కూడా వాళ్ళ పనేనా అని అధికారి నన్ను చూస్తూ తనలో తాను గొణుక్కున్నాడు. ఇది కేసయితే నజీకోకూ తనకూ ఇక్కడ ఉండే కాగితాలు రద్దవుతాయని రెఫాత్ నాకు బెంచీ మీద చెప్పాడు. ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ముందు నజీకోను అడిగారు. పెదవి ఇంతలావున వాచింది. అయినా గంట మోగిన దగ్గర నుంచి వరస తప్పకుండా చెప్పింది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ముందు చెయ్యి ఎత్తారు, ఆ సమయంలో వీధిలో ఏ చప్పుడు వస్తోంది. అధికారి రాసుకుంటూ ఆగిపోయాడు.

"నీకీ గ్రీకు ఎవరు నేర్పారమ్మా? మావాళ్ళు కూడా ఇంత బాగా చెప్పరు."

ఆమె గడ్డంతో నన్ను చూపించింది.

అధికారి నా వైపు తిరిగాడు. "అమ్మా, మీ చేతికేమైంది? మెడ మీద ఆ నల్లమచ్చలేంటి?"

మెట్లు. తడి మెట్లు. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆ మాట అంటే నా కొడుకు పక్కవీధి ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని సాయంత్రానికి ఇంటికొస్తాడు. వీళ్ళిద్దరూ పోతారు. నిజం చెప్తే వాడు జైలుకు పోతాడు. నేను కన్నవాణ్ణి నేనే పంపినట్టు. నేను ఏ పుస్తకాన్నీ మధ్యలో వదల్లేదు.

అధికారి మళ్ళీ అడిగాడు. నేను బెంచీ వైపు చూశాను, చెప్పమని వాళ్ళు నన్ను బతిమాలుతారేమోనని. ఒక్కరూ నన్ను చూడటం లేదు. రెఫాత్ తల వంచుకుని అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు. నజీకో కూడా అంతే, ఒళ్ళో చేతులు తెరిచి పెట్టుకుని, పుస్తకం చదువుతున్నట్టు. క్లాసులో ఎవరైనా మధ్యలో పుస్తకం వదిలి లేచినప్పుడు అందరూ కూర్చునేది అలాగే. ఆ పద్ధతి వాళ్ళకు నేర్పింది నేనే.

చెప్పాను. దవడ, పాదాలు, మణికట్టు, గొంతు. నేను కర్రతో ఎన్ని కొట్టానో కూడా చెప్పాను, అధికారి అడగకపోయినా. చెప్పినంతసేపూ ఇద్దరూ తలెత్తలేదు.

అక్టోబర్ 31

ఇద్దరికి సరిపడా సూప్ కాచాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. వాడి గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. వాడంటే నాకు ప్రేమ. వాడు బయటికొస్తే తలుపు తియ్యను. రెండూ నిజమే.

నవంబర్ 3, ఆదివారం

పుస్తకాలు ఎండాయి కానీ ఒక్కోటీ రెండింతలు లావయ్యాయి. సంచీలో సగమే పట్టాయి. వీటి మెట్టు పెరిగిందా టీచర్ గారూ అన్నాడు రెఫాత్.

నజీకో కుంటుకుంటూ వచ్చింది. నేను అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే అడిగాను, నన్ను క్షమిస్తావా అని.

"ఈ గదిలో ప్రశ్నలు లేవు," అంది. తన పుస్తకం తీసుకుని నా పక్క కుర్చీలో కూర్చుంది.

నేను నా లావు నవల తెరిచాను. సగం పేజీ చదివి, లేచి బల్ల మీద పెట్టేసి వచ్చాను. ఒక్కరూ తలెత్తలేదు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదువుకున్నాను, నజీకో చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి చూశాను. చక్కెర డబ్బా పొయ్యి పక్కన ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అల్మారాకు తలుపు లేదు. ఆగస్టులోనే మిల్తోస్ దాన్ని పీకి నా మీదికి విసిరాడు.